ముప్పై సెకన్లు

జూన్ 3, సోమవారం

ఈ నోటుబుక్కు మాటల డాక్టరమ్మ ఇచ్చింది. ఇంటిదగ్గర నా భార్య రోజుకి ఎన్ని మాటలు మాట్లాడుతోందో లెక్క రాయమంది. ఎడమవైపు తేదీ, కుడివైపు మాటలు. ఆరు వారాలు రాయాలి. జూలై పదిహేడున చూస్తుంది. మెరుగు కనిపిస్తే వారానికోసారి మాటలు నేర్పించే బుధవారం గంట మాకే ఉంటుంది. కనిపించకపోతే ఆ గంట వరుసలో ఉన్న ఇంకో పేషెంటుకి పోతుంది, ఇక మేం ఇంట్లోనే చేతనైనంత చేసుకోవాలి. చెప్పడం మెత్తగానే చెప్పింది. నేను మాత్రం క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీశాను.

నాలుగు నెలలైంది తనకి పక్షవాతం వచ్చి. కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి ఇంకా మొరాయిస్తోంది. మాట రాలేదు. "ఏమండీ" ఒక్కటి మాత్రం తడుముకోకుండా వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు పిలిచిన పిలుపు కాబట్టి అలవాటుకొద్దీ మిగిలిపోయిందట. మిగతావన్నీ లోపల ఉన్నాయి, బయటికి దారే దొరకడం లేదు అంది డాక్టరమ్మ.

ఈరోజు మాటలు: పద్నాలుగు. అందులో "ఏమండీ" తొమ్మిది.

కుడివైపు గడి చాలా పెద్దది. లెక్క రాయగా ఇంత చోటు మిగిలింది. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు ఇక్కడ నా గోల రాసుకుంటే అడ్డుచెప్పేవాళ్లెవరున్నారు?

జూన్ 5, బుధవారం

ఈరోజు డాక్టరమ్మ అడిగింది: "ఇన్నాళ్లూ ఇల్లు పట్టుకునే ఉన్నారు కదా. దేనిమీద బెంగగా ఉంది మీకు?"

తను కిటికీ వైపు చూసింది. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. నేను వెంటనే అందుకుని, ప్రెస్సు మీద బెంగ మేడమ్, ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి, ఎర్రపెన్సిలు లేనిదే చెయ్యి ఊరుకోదు అన్నాను. తను "ఏమండీ" అంది. అవునన్నట్టే అనిపించింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నేను ఆవిడ్ని అడిగాను," అంది.

ఆవిడే చెప్పమంది కదా, విన్నారు కదా అన్నాను. డాక్టరమ్మ మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు తీసి కాసేపు తుడుచుకుంది.

మాటలు: పదహారు. ("ప్రెస్సు" కూడా కలిపాను. తను చెప్పబోయిందే కదా.)

జూన్ 6, గురువారం

ఆఫీసులో పెద్దసారు నోటు అడిగాడు. మాది రికార్డుల ఆఫీసు. పుట్టినవాళ్లవి, పోయినవాళ్లవి, చదువుకున్నవాళ్లవి కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం. ఇక కౌంటర్ల దగ్గర ఎవరు నకలు అడిగినా ఇందులోంచే ఇవ్వాలి. దానికి ఒక సర్వర్ చాలా, రెండు కావాలా అన్నది తేల్చాల్సింది నేను. ఆయనకి కంప్యూటర్ల భాష రాదు. అందుకని ఇలా మొదలుపెట్టాను:

"అయ్యా, అప్లికేషన్ సర్వర్ అంటే అసలు పని చేసేది. రికార్డు వెతికేదీ, నకలు తయారుచేసేదీ ఇదే. అడిగినవాళ్లకి నేరుగా జవాబివ్వడం కూడా దీనికి వచ్చు, కాబట్టి ఇది ఒక్కటీ పెట్టుకున్నా పని జరుగుతుంది. రెండో పద్ధతిలో దీని ముందు ఒక వెబ్ సర్వర్‌ని నిలబెడతాం. వచ్చినవాళ్లందరూ ముందుదానితోనే మాట్లాడతారు. చిన్నాచితకా సంగతులకి అదే జవాబిచ్చి పంపేస్తుంది. అసలు పని ఉంటేనే వెనక్కి అందిస్తుంది."

నా ఓటు రెండోదానికే. వెనకది పనిమంతురాలే కానీ జనం మీదపడితే తట్టుకోలేదు. దాని పని అది చేసుకోవాలి, లోకంతో మాట్లాడ్డానికి ముందు ఇంకొకరుండాలి. ఇందులో ఇంత తర్జనభర్జన ఎందుకో నాకు అర్థం కాదు.

ఎదురు టేబుల్ ఆవిడ కూడా రెండోదే అంది. సిస్టమ్స్ భద్రత ఆవిడ చూస్తుంది. పెన్నులున్న సొరుగుకి కూడా తాళం వేస్తుందని అందరం తాళంచెవి అంటాం, ఆవిడా పలుకుతుంది. బయటివాళ్లు వెనకదాన్ని ముట్టుకోకుండా ఉంటే ఆవిడకి అదే పదివేలు. ఒక్కటి మాత్రం అడిగింది, వెనకనుంచి జవాబు రాకపోతే ముందుది ఎంతసేపు ఆగుతుందని. ముప్పై సెకన్లు పెట్టాను అన్నాను.

"అంతేనా?" అంది.

కౌంటర్లో నిలబడ్డ మనిషికి ముప్పై సెకన్లంటే ఎంతో తెలుసా అన్నాను.

మాటలు: పదిహేను.

జూన్ 9, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. నా భార్యకి అక్క, ఆదివారం తప్పకుండా చేస్తుంది. బాగానే ఉందని చెప్పాను. మాట్లాడుతుండగా తను ఎడమచెయ్యి చాపింది. దాహమేమోనని నీళ్లిచ్చాను. తాగలేదు.

జూన్ 11, మంగళవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. దానికైనా సంతోషించాలి.

మాకు పోట్లాట లేని రోజు ఉండేది కాదు. పెద్ద విషయాలేం కావు. పాలవాడికి చీటీ రాసి తలుపుకి అంటిస్తే అందులో ఒత్తు పోయిందని తెచ్చి నా ముందు పెట్టేది. పాలవాడికి ఒత్తులెందుకే అంటే, పాలవాడికి కళ్లు లేవా అనేది. అక్కణ్ణించి మొదలు. ముందు "ఏమండీ, మీరు" అనే మొదలయ్యేది. నేను మొండికేస్తే "ఏమండీ" సాగేది. ఇంకా మొండికేస్తే "మీరు" పోయి "నువ్వు" వచ్చేది. "నువ్వు ఊరుకో" అందంటే ఇక అంతే, నేను ఓడిపోయినట్టే. మా అమ్మ ముందు ఒకసారి అలా నోరుజారి, నాలుక కరుచుకుంది. వారం రోజులు ఆ మాటెత్తి ఏడిపించాను.

ఇప్పుడు ఏ గొడవా లేదు. చీటీల్లో నా ఇష్టమొచ్చినట్టు రాస్తున్నాను.

మాటలు: పదిహేడు.

జూన్ 12, బుధవారం

డాక్టరమ్మ ఈ నోటుబుక్కు అడిగింది. కుడివైపు నా రాతలు చూస్తుందేమోనని అంకెలు చదివి వినిపించాను. ఇవన్నీ ఆవిడ మాటలేనా అంది. "క" అని తను మొదలుపెట్టింది, "కాఫీ" అని నేను పూర్తిచేశాను, అది తన మాట కాదా? అదే అడిగాను.

ఆవిడ వాచీ విప్పి టేబుల్ మీద పెట్టింది. తనకి ఒక బొమ్మ చూపించి ఏమిటిది అని అడిగింది. గొడుగు. నేను ఆగాను. చాలాసేపే ఆగాను. ఆ తర్వాతే "గొ" అని అందించాను.

నాలుగు సెకన్లు అంది డాక్టరమ్మ.

వాచీ ఆగిపోయి ఉంటుంది. నాలుగు సెకన్లు కావడానికి వీల్లేదు.

జూన్ 16, ఆదివారం

వదిన ఫోన్. బాగానే ఉందని చెప్పాను.

జూన్ 19, బుధవారం

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమంది. బల్ల మీద గంటసేపు కూర్చుని గోడమీద నాలుక బొమ్మ చూశాను. లోపల్నుంచి ఏం వినబడలేదు. నేను పక్కన లేకపోతే తను బెదిరిపోతుంది, ఆ సంగతి ఆవిడకేం తెలుసు? బయటికొచ్చాక తను నా మొహం చూడలేదు. అలిసిపోయి ఉంటుంది.

మాటలు: పద్దెనిమిది. పెరుగుతున్నాయి.

జూన్ 24, సోమవారం

మూడు కౌంటర్ల దగ్గర కొత్త సిస్టమ్ పెట్టాం. పరీక్షగా ఒక వారం నడిపి చూస్తాం. ముందు వెబ్ సర్వర్, వెనక అప్లికేషన్ సర్వర్. చక్కగా నడుస్తోంది. పెద్దసారు వచ్చి చూసి, చిన్న పిల్లాడిలా నాలుగైదు మీటలు నొక్కి వెళ్లాడు.

జూన్ 26, బుధవారం

మాటలకి వెళ్లొచ్చాం. మళ్లీ బయటే కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం రెండో కౌంటరు గుమాస్తా నా దగ్గరకొచ్చాడు. పాత రికార్డులు అడిగితే "సమాధానం లేదు, మళ్లీ ప్రయత్నించండి" అని వస్తోందట. మళ్లీ నొక్కితే మళ్లీ అదేనట. ఒక పెద్దావిడ చెల్లెలి కాగితం కోసం పొద్దుటినుంచి నిలబడి, లేదనుకుని వెళ్లిపోయిందట. అతనికి అనుమానమొచ్చి కింద బీరువాలో వెతికితే అసలు కాగితం దొరికింది.

"సార్, ఇది లేదంటోంది. కానీ ఉంది సార్," అన్నాడు.

వెనకది నెమ్మదిగా ఉంది, అందుకే అన్నాను. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకి చెబుతానన్నాను.

జూన్ 27, గురువారం

దాన్ని రాసినవాళ్లకి చెప్పేముందు లాగ్ చూద్దామని కూర్చున్నాను. సర్వర్ తను చేసే ప్రతి పనీ రాసిపెట్టుకునే చిట్టా అది. ఇన్నాళ్లూ ముందుదాని చిట్టాయే చూశాను, వెనకదాన్ని తెరవలేదు. వెనకది నెమ్మది అని ఎలా అన్నానో మరి.

పాత రికార్డు వెతకడానికి దానికి నలభై, నలభై ఐదు సెకన్లు పడుతోంది. లక్షల కాగితాల్లో వెతకాలి, పట్టదా మరి. వెతుకుతోంది. దొరుకుతోంది. నకలు తయారుచేస్తోంది. ఇవ్వబోయేసరికి తీసుకోవడానికి అవతల ఎవరూ లేరు. ముప్పయ్యో సెకనుకే ముందుది సమాధానం లేదని చెప్పి మనిషిని పంపేసింది.

చిట్టాలో ఒకటే సంగతి, వరుస తర్వాత వరుస. జవాబు సిద్ధం, తీసుకునేవారు లేరు. జవాబు సిద్ధం, తీసుకునేవారు లేరు. నాలుగు రోజుల్లో రెండువందల పన్నెండుసార్లు. నేను లెక్కపెట్టాను. ఆ పెద్దావిడవే పదకొండు ఉన్నాయి. పదకొండుసార్లూ ఆవిడ చెల్లెలి కాగితం దొరికింది.

ముప్పై అని ఎందుకు పెట్టానా అని సెట్టింగుల ఫైలు తెరిచాను. అంకె పక్కనే నా అక్షరాలు. "ఇంతకన్నా ఎవరూ ఆగరు."

తాళంచెవి ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను. మంచినీళ్ల సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్లింది.

ఇంటికొచ్చేశాను. సెలవు కూడా రాయలేదు.

జూన్ 28, శుక్రవారం

పొద్దున కాఫీ కావాలా, టీ కావాలా అని అడిగాను. అడిగి కుర్చీలో కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను. వాచీ చూస్తున్నాను.

పది సెకన్లకి తను నావైపు చూసింది, ఇంకా అందించలేదేమిటన్నట్టు. ఇరవై. ముప్పై దాటింది. తన మెడ నరాలు బిగుసుకున్నాయి. నా నోటిదాకా కాఫీ వచ్చేసింది. నలభై. పెదవి తడుపుకుంది. యాభై రెండో సెకనుకి వచ్చింది.

"నీళ్లు."

నాలుగు నెలలుగా కాఫీ ఇస్తున్నాను. రోజుకి రెండుసార్లు. తను తాగుతూనే ఉంది.

మాటలు: ఒకటి.

జూన్ 30, ఆదివారం

లెక్కలన్నీ మళ్లీ చూశాను. జూన్ మూడునుంచి ఇప్పటిదాకా నేను రాసినవి నాలుగువందల చిల్లర. అందులో నేను అందించినవీ, ఊహించినవీ, "చెప్పబోయింది కదా" అని కలిపినవీ తీసేస్తే, "ఏమండీ" కూడా తీసేస్తే, పందొమ్మిది.

ఈ లెక్క పట్టుకుని పదిహేడో తారీఖుకి వెళ్లాలి. ఇంకా రెండున్నర వారాలుంది. ఇంకో పేషెంటు ఎవరో ఆ బుధవారం గంట కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లింట్లోనైనా ఆగేవాళ్లున్నారేమో.

నేనే చేశాను ఇది. ఎవరి మీదా నెట్టడానికి లేదు. ప్రేమతోనే చేశాను అని రాయబోయాను. ప్రేమ కూడా కావచ్చు. తను అలా మాటకోసం వెతుక్కుంటుంటే చూడలేక, నా భయం కొద్దీ చేశాను. అది నిజం.

వదిన ఫోన్ చేసింది. తియ్యలేదు.

జూలై 2, మంగళవారం

పొద్దున ఈ నోటుబుక్కు నేను పెట్టినచోట లేదు. బల్లమీద ఉంది, జూన్ ఐదో తారీఖు పేజీ తెరిచి.

"ప్రెస్సు మీద బెంగ" అన్నచోట మాటల మీద ఎర్ర గీత, గీత చివర చిన్న సున్నా చుట్టి తోక. ప్రూఫులో తీసెయ్యమని చెప్పే గుర్తు. ఎడమచేత్తో పెట్టింది, గీత వంకరపోయింది. "ఆవిడే చెప్పమంది కదా" అన్నచోట ఇంకోటి. "అవునన్నట్టే అనిపించింది" పక్కన అంచులో ప్రశ్న గుర్తు. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కిందంటే వెనక పేజీలోకి దిగింది.

పేజీ అంతా చదివిందో, ఎంతసేపు పట్టిందో తెలీదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు చేసి ఉంటుంది. కాదు, స్నానం చాలదు. రోజులు పట్టి ఉంటుంది. నేను ఆఫీసులో ఉండగా.

"ఏమండీ" గురించి ఆలోచిస్తున్నాను. పిలిచినా ఏమండీయే. వారించినా ఏమండీయే. ఇక చాలు ఆపండి అన్నా ఏమండీయే. ఒక్కోదానికి ఒక్కో సాగతీత, ఇరవై ఎనిమిదేళ్లు ఒక్కటీ పొరబడకుండా విన్నాను. జబ్బు చేశాక ఒక్కటే వినబడింది, నన్ను సాయం పిలుస్తోందని. తను దాంతోనే నాతో పోట్లాడుతోంది. ఉన్న ఒక్క మాటతో. నేను నీళ్లు తెచ్చిస్తున్నాను.

పెన్సిలు ఎక్కడ దాచిందో అడగలేదు. నోటుబుక్కు మాత్రం బల్లమీదే వదిలేశాను.

జూలై 3, బుధవారం

డాక్టరమ్మకి అంతా చెప్పేశాను, లెక్కలు తప్పని కూడా. తిడుతుందనుకున్నాను. పందొమ్మిదా అని మళ్లీ అడిగి రాసుకుంది. "ఇక లోపల కూర్చోండి, వెనకాల," అంది.

జూలై 7, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. మీ చెల్లెలు మాట్లాడుతుంది, ఎంతసేపైనా పెట్టెయ్యకు వదినా అని చెప్పి ఫోన్ తన చేతికిచ్చాను. వంటగదిలోకి వెళ్లి కడిగిన గిన్నెలే కడిగాను.

చాలాసేపటికి "అక్కా" అని వినబడింది. అటునుంచి వదిన ఏడుపు ఇక్కడిదాకా వచ్చింది.

జూలై 12, శుక్రవారం

నోటు ఇచ్చేశాను. వెబ్ సర్వర్ పీకేసి అప్లికేషన్ సర్వర్ ఒక్కటే పెడదామని మొదట రాశాను. కోపంగా రాశాను, నామీద కోపం. తాళంచెవి చదివి పక్కన పెట్టింది. మూడు కౌంటర్లే అయితే ఒక్కటి సరిపోతుంది సార్, ఏడాదిలో అన్ని ఊళ్లవాళ్లూ ఇళ్లనుంచే అడుగుతారు, అప్పుడు దాన్ని ఒంటరిగా వీధిలో వదిలేస్తారా అంది. బయటి రద్దీ, దొంగచూపులు, చిన్నాచితకా పనులు ముందుది కాచుకోవాల్సిందే అంది.

మరి జవాబులు పోయాయి కదా అన్నాను.

"ముందుది ఉన్నందుకు పోలేదు సార్. ఆగనందుకు పోయాయి."

అదే రాశాను. రెండూ ఉంటాయి. రికార్డు వెతికే పనికి ముందుది మూడు నిమిషాలు ఆగుతుంది. ఆగినంతసేపూ "వెతుకుతోంది, ఉండండి" అని తెరమీద చూపిస్తుంది. వెనకది నిజంగా పడిపోతే తప్ప "లేదు" అనే మాట ముందుది తనంతట అనకూడదు. ఫైల్లో అంకె మార్చాను. పక్కన నా పాత అక్షరాలు చెరిపేశాను.

సంతకం పెట్టాక గుమాస్తా ద్వారా ఆ పెద్దావిడకి కబురు పంపాను. చెల్లెలి కాగితం తీసుకెళ్లింది. నాతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడాలి?

జూలై 16, మంగళవారం

రేపే.

ఈ నాలుగు రోజుల లెక్క: ఆరు, నాలుగు, ఏడు, మూడు. అన్నీ తనవే. పోయిన నెల నా లెక్క ముందు పెడితే దిగజారినట్టు కనిపిస్తుంది.

జూలై 17, బుధవారం

ఇంటికొచ్చి గంటైంది. తను పడుకుంది.

డాక్టరమ్మతో పాటు ఇంకో పెద్దాయన కూడా ఉన్నాడు, ఆయనే తేల్చేవాడట. నేను వెనక గోడకి ఆనించిన కుర్చీలో కూర్చున్నాను. బొమ్మలు చూపించారు, కొన్ని చెప్పింది, ఎక్కువ చెప్పలేకపోయింది. పెద్దాయన కాగితం మీద అడ్డగీతలు పెడుతూ పోయాడు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు కూడా. 

అప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని జూన్ ఐదో తారీఖు ప్రశ్నే మళ్లీ అడిగింది. దేనిమీద బెంగగా ఉంది మీకు?

తను కిటికీ వైపు చూసింది. గోడ గడియారం నాకెదురుగానే ఉంది. ముప్పై దాటింది. నలభై ఐదు. పెద్దాయన కుర్చీలో కదిలాడు. నిమిషం. తన వీపు వణకడం నాకు కనిపిస్తోంది. గొంతులో ఏదో గరగరలాడి ఆగిపోయింది. నిమిషం పది. నేను ఎంత గట్టిగా పళ్లు బిగించానో దేవుడికే తెలుసు. అయినా బుద్ధి పోనిచ్చుకోలేదు.

"ప్రె..." అన్నాను.

తను వెనక్కి తిరగలేదు.

"నువ్వు ఊరుకో."

 పెద్దాయన జేబులోంచి పెన్ను తీశాడు. నేను రెండు చేతులూ నోటిమీద పెట్టుకున్నాను, నవ్వొస్తోందో ఏడుపొస్తోందో నాకే తెలీలేదు. తను మళ్లీ కిటికీ వైపు తిరిగి, ఆ ప్రశ్న దగ్గరికే మళ్లీ వెళ్లింది. తొందరపడలేదు. ఇంకో నిమిషం పైనే పట్టింది.

"పోట్లాట," అంది.

ఎవరితో అని అడిగింది డాక్టరమ్మ. తను ఎడమచెయ్యి ఎత్తి, చూడకుండానే, వేలితో వెనక్కి నన్ను చూపించింది.

పెద్దాయన ఏదో రాశాడు. డాక్టరమ్మ మా చీటీ తీసి, వచ్చే బుధవారం తేదీ వేసి, దాని కింద ఆ పై బుధవారం కూడా వేసింది.

ఈరోజు మాటలు: బొమ్మలు కాకుండా, మూడు. మూడూ తనవే. "ఏమండీ" ఒక్కటీ లేదు.